కోఠి, సుల్తాన్‌బజార్‌లో కొనడం ఎలా: మీకూ దుకాణానికీ కలిసొచ్చేలా

హైదరాబాద్‌లో కోఠికి కారులో వెళ్ళకండి. కింద చెప్పబోయేవాటిలో ఏది పాటించకపోయినా ఇది మాత్రం పాటించండి. పార్కింగ్ కోసం చుట్టూ తిరిగేసరికే ఓపికంతా అయిపోతుంది. ఆ చిరాకుతో దుకాణం మెట్లెక్కితే సరుకు నచ్చదు, రేటు నచ్చదు, అమ్మేవాడి మాటా నచ్చదు. మెట్రో రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ ఉంది, గ్రీన్ లైన్‌లో సుల్తాన్‌బజార్ స్టేషన్ ఉంది. రెండో దాంట్లో దిగితే సరాసరి బజారు నడిమధ్యలోనే ఉంటారు. ఊళ్ళో చాలా వైపుల నుంచి కోఠికి సిటీ బస్సు ఉంటుంది. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు కూడా లేదు.

కోఠి, సుల్తాన్‌బజార్, బడీ చౌడీ, గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్, అబిడ్స్, మొజంజాహీ మార్కెట్. వరసగా నడిచి వెళ్ళగలిగే ఈ బజార్లలో పనికొచ్చేలా కొనడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. చిన్న దుకాణాలను ఆదుకోవాలని వాట్సాప్‌లో పోస్టులు పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆదుకోవడం అంటే జాలిపడి ఏదో ఒకటి కొనడమని నేను అనుకోను. జాలితో కొన్నవాడు రెండోసారి రాడు. దుకాణం అద్దె కట్టుకునేది రెండోసారి, పదోసారి వచ్చేవాళ్ళ వల్ల. కాబట్టి ఆ దుకాణం దేంట్లో దిట్టో అదే కొనండి, మీకు నిజంగా అవసరమైందే కొనండి. ఆన్‌లైన్‌లో చవగ్గా, సులువుగా దొరికేదాన్ని మొహమాటానికి ఇక్కడ కొని తర్వాత ఏడవడం ఇద్దరికీ దండగ.

బజారు ఇక్కడే ఎందుకు పుట్టింది

రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తిరిగేటప్పుడు పనికొస్తుంది. ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం, అంటే మనం ఇప్పటికీ కోఠి ఉమెన్స్ కాలేజీ అనే భవనం, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం రాజ్యంలో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి (రెసిడెంటు) ఉండే చోటు. 19వ శతాబ్దం మొదట్లో రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించాడు. దాని చుట్టూ పెరిగిన బజార్లు నిజాం అజమాయిషీలో కాక రెసిడెంటు అజమాయిషీలో ఉండేవి. వడ్డీ వ్యాపారులు, బట్టల వర్తకులు అక్కడ స్థిరపడ్డారు. 1933లో ఆ ప్రాంతాన్ని నిజాంకి తిరిగి ఇచ్చేశాక సుల్తాన్‌బజార్ అన్న పేరు నిలిచింది. తెలుగువాళ్ళు 1901లో పెట్టుకున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం కూడా ఈ బజారులోనే ఉంది. సంచులు మోసుకుని నడుస్తూ దాన్ని దాటేసి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడండి.

ఇక ఈ బజారు మీదుగా మెట్రో వేయొద్దని వ్యాపారులు ఏళ్ళ తరబడి పోరాడారు. కొన్ని దుకాణాలు పోయాయి, కొన్నిటి ముందు భాగం పోయింది. చివరికి 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా లైన్ మొదలైంది. ఆ స్తంభాల నీడలో సగానికి తగ్గిన దుకాణం కనిపిస్తే 'ఇంత ఇరుగ్గా ఉందేంటి' అనుకోకండి.

ముందు ఇంట్లో చేయాల్సిన పని

చీటీ రాసుకోండి. చీటీ లేకుండా వెళ్తే కనిపించిందల్లా కొంటారు, కావలసింది మర్చిపోతారు. దాన్ని మూడు భాగాలుగా రాయండి: చూసి, ముట్టుకుని, సరిపోల్చి కొనాల్సినవి (జాకెట్ గుడ్డ, గాజులు, లేసు), విడిగా, కొంచెంగా కావలసినవి (ఒక బొత్తాం, పావు మీటరు అంచు, ఒక్క స్క్రూ, ఒక గిన్నె మూత), బాగుచేయించాల్సినవి (మిక్సీ, స్పీకరు, చేతి గడియారం). ఈ మూడింటికీ ఏ యాప్ కన్నా ఈ బజారే మేలు. ఒక్క బొత్తాం కోసం ఎవడూ ఇంటికి డెలివరీ చేయడు, చేసినా రంగు కలవదు. నాలుగో రకం వస్తువు, అంటే కంపెనీ డబ్బాలో సీలు వేసి వచ్చేది ఏదైనా, ఎక్కడ కొన్నా ఒకటే. అది మీ వీధి చివరి దుకాణంలో కొనండి, అంత దూరం మోసుకు రావడం ఎందుకు?

రెండు బలమైన గుడ్డ సంచులు, నీళ్ళ సీసా, పది, ఇరవై రూపాయల నోట్లు కొన్ని పెట్టుకోండి. చెప్పులు పాతవి వేసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి

దుకాణాలు పదిన్నర, పదకొండు దాటాకే పూర్తిగా తెరుచుకుంటాయి. పదకొండున్నర నుంచి నాలుగు లోపు మంచి సమయం. అమ్మేవాళ్ళకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది, అడిగినవన్నీ విసుగు లేకుండా తీసి చూపిస్తారు. సాయంత్రం ఐదు దాటితే సుల్తాన్‌బజార్‌లో మీరు నడవక్కర్లేదు, జనమే మిమ్మల్ని తోసుకుపోతారు. ఆ వేళప్పుడు వెళ్ళి 'ఇంకో రంగు చూపించండి' అంటే ఎవరికైనా చిరాకే.

షట్టరు ఎత్తుతూనే వెళ్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. అది బోణీ వేళ. మొదటి గిరాకీ బేరమాడి, వంద వస్తువులు తీయించి, కొనకుండా పోతే ఆ రోజంతా అలాగే ఉంటుందని పాత వ్యాపారులకు గట్టి నమ్మకం. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా వాళ్ళ మనసు ఎందుకు నొప్పించడం? ఊరికే చూద్దామని వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం వెళ్ళండి. పొద్దున్నే వెళ్తే చిన్నదైనా ఒకటి కొనండి. బోణీ గిరాకీకి రేటు కూడా కాస్త తగ్గించి ఇస్తారు.

ఆదివారం లెక్క వేరు. అబిడ్స్‌లో చాలా షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందే పాత పుస్తకాలు పరుచుకుంటారు. హోల్‌సేల్ దుకాణాలు చాలావరకు ఆదివారం తెరవవు. ఒక ప్రత్యేకమైన దుకాణం కోసమే వెళ్తున్నట్టయితే ముందు ఫోన్ చేయండి. శ్రావణమాసం, దసరా, రంజాన్ ఆఖరి వారాలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఎక్కువున్న నెలలు వస్తే పసిపిల్లలతో వెళ్ళకపోవడమే మంచిది.

మ్యాచింగ్ కొనేటప్పుడు

సుల్తాన్‌బజార్, బడీ చౌడీలకి ఎక్కువమంది వచ్చేది దీనికోసమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చీర ఫోటో తీసుకెళ్ళకండి, చీరే తీసుకెళ్ళండి. ఫోన్‌లో కనిపించే రంగు ఏ రెండు ఫోన్లలోనూ ఒకటిగా ఉండదు. మ్యాచింగ్ సెంటర్‌లో గోడ నిండా తానులు ఉంటాయి. ఒక్క నెమలికంఠం రంగులోనే నాలుగైదు ఛాయలు తీస్తారు. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు బయట కలవకపోవచ్చు. గుడ్డనీ చీరనీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండ వెలుగులో చూడండి. అడగడానికి మొహమాటపడకండి, మంచి దుకాణంలో వాళ్ళే 'బయటికెళ్ళి చూసుకోండమ్మా' అంటారు.

జాకెట్‌కి 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పడుతుంది. చేతుల పొడవు, పన్నా బట్టి మారుతుంది కాబట్టి మీ టైలర్‌ని ముందే అడిగి, ఆ అంకె చీటీలో రాసుకోండి. లైనింగ్ గుడ్డ, ఫాల్ నూలువైతే నీళ్ళలో తడిపి ఆరేశాకే కుట్టించాలి. లేదంటే మొదటి ఉతుకుకే అవి కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. ఫాల్, పీకో అక్కడే చేసిచ్చే దుకాణాలుంటాయి. చీర ఇచ్చి, చీటీ తీసుకుని, మిగతా పనులు చూసుకుని రావచ్చు. అలా ఇచ్చేటప్పుడు చీర కొంగు వైపు ఏదో చూపించండి, ఫాల్ తలకిందులుగా కుట్టేసే ప్రమాదం తప్పుతుంది.

పట్టుచీర కొంగుకి కుచ్చులు వేయించాలంటే ఆ రోజుకి రోజే ఇమ్మని ఒత్తిడి చేయకండి. అది కూర్చుని చేతితో ముడులు వేసే పని. తరచుగా ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళకి ఇచ్చి చేయిస్తారు. మీ తొందర భారం చివరికి వాళ్ళ మీదే పడుతుంది. మగ్గం వర్క్ అయితే ఇంకా ముందు చెప్పాలి. డిజైన్ చూసి రేటు ఒప్పుకున్నాక 'ఇక్కడ ఇంకో పువ్వు వేయండి' అంటూ తర్వాత పెంచకూడదు, పెంచితే దానికి విడిగా ఇవ్వాలి.

గాజులకి చేతికి సరిపోయిన పాత గాజు ఒకటి తీసుకెళ్ళండి. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని సైజులు చెబుతారు. మీ సైజు తెలిస్తే అమ్మేవాళ్ళకి సగం పని తగ్గుతుంది. మట్టి గాజులు డజను లెక్క. డబ్బులిచ్చే ముందు అక్కడే ఒక్కొక్కటీ చూసుకుని, బీటలున్నవి మార్చుకోండి. ఇంటికెళ్ళాక ఫోన్ చేస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? స్టీలు సామాను కొంటే ముందే 'కిలో లెక్కా, పీసు లెక్కా' అని అడిగి, కిలో అయితే తూకం మీ కళ్ళముందు వేయించుకోండి.

పుస్తకాలు

కోఠిలో పాత పుస్తకాల దుకాణాలకి వచ్చేవాళ్ళు ఎక్కువగా విద్యార్థులు. ఇంజినీరింగ్, మెడిసిన్, డిగ్రీ, గ్రూప్స్ పుస్తకాలు దొరుకుతాయి. అడిగేటప్పుడు పుస్తకం పేరొక్కటే చెబితే సరిపోదు, రచయిత పేరు, ఎడిషన్ కూడా చెప్పండి. చట్టం, పన్నులు, కరెంట్ అఫైర్స్ లాంటివి పాత ఎడిషన్ కొంటే పరీక్షలో దెబ్బతింటారు. గణితం, భౌతికశాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం లాంటివాటికి ఒక ఎడిషన్ వెనక్కి ఉన్నా నష్టం పెద్దగా ఉండదు. చివరి పేజీలు, మధ్యలో పటాలు ఉన్నాయో లేదో తిరగేసి చూడండి. పెన్సిల్‌తో జవాబులు గుర్తు పెట్టిన అభ్యాసాల పుస్తకం చవగ్గా వచ్చినా వద్దు. చదివేశాక తిరిగి తీసుకుంటారా, ఎంతకి తీసుకుంటారు అని కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి. ఇదే ఇక్కడి దుకాణాల ప్రాణం. మీ సెమిస్టరు అయ్యాక మీరు తెచ్చిచ్చిన పుస్తకమే వచ్చే ఏడాది ఇంకొకరికి అందుతుంది.

అబిడ్స్ ఆదివారం పుస్తకాలు వేరే లోకం. ఫలానా పుస్తకమే కావాలని వెళ్తే నిరాశపడతారు. ఏది దొరికితే అది అనుకుని వెళ్తే చేతులు నిండుతాయి. పాత వారపత్రికలు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సొంత లైబ్రరీలు, లోపల పుట్టినరోజు కానుక రాతలున్న నవలలు. పొద్దున్నే వెళ్ళిన వాళ్ళకి మంచివి దొరుకుతాయి. కుప్పలో ఒకటి తీస్తే పది పడిపోతాయి, మళ్ళీ సర్ది పెట్టండి.

ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. ఫుట్‌పాత్ మీద కొత్తగా మెరుస్తూ, పలచటి కాగితం మీద అలికినట్టున్న అచ్చుతో, సగం ధరకి వచ్చే పేరున్న పుస్తకాలు చాలావరకు దొంగ అచ్చులు. అవి కొంటే రచయితకీ ప్రచురణకర్తకీ పైసా వెళ్ళదు. పాత ప్రతి కొనండి, అది న్యాయంగా ఒకసారి అమ్ముడుపోయిన పుస్తకం. కొత్త తెలుగు పుస్తకాలు కావాలంటే కాచిగూడ చౌరస్తా దగ్గర నవోదయ బుక్ హౌస్ ఉంది, కోఠి నుంచి ఆటోలో దగ్గరే.

కరెంటు సామాను, రిపేర్లు

గుజరాతీ గల్లీలో స్పీకర్లు, సీసీ కెమెరాలు, వైర్లు, ఛార్జర్లు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ విడిభాగాలు. ట్రూప్ బజార్‌లో ఇంటి వైరింగ్, లైట్లు, కుళాయిలు. రెండుచోట్లా ఒకటే మాట: పాడైన పాత ముక్కని చేత్తో పట్టుకెళ్ళండి. పేరు చెప్పలేకపోయినా చూపిస్తే చాలు, క్షణంలో జతది తీస్తారు.

ఇంటి వైరింగ్‌కి లైట్లు, ఫ్యాన్లకి ఒకటి లేదా ఒకటిన్నర స్క్వేర్ ఎం.ఎం., పవర్ ప్లగ్గులకి రెండున్నర, ఏసీ, గీజర్లకి నాలుగు వాడటం మామూలు. అయినా మీ ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ ప్రకారమే కొనండి. కాయిల్ సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు లేని వైరు ఎంత చవకైనా వద్దు. విప్పని కాయిల్ మిగిలితే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడగండి. బిల్లు మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

రిపేరుకి ఇచ్చేటప్పుడు, 'తెరిచి చూసి ఎంతవుతుందో ఫోన్ చేసి చెప్పండి, నేను సరేనన్నాకే చేయండి' అనండి. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మని అడగండి. చూసినందుకు కొంత తీసుకుంటే ఇవ్వండి. సమస్య ఏమిటో కనిపెట్టడం కూడా పనే. ఇక ఏది కొన్నా 'కంపెనీదా, లోకల్‌దా' అని సూటిగా అడిగితే చాలామంది సూటిగానే చెబుతారు. లోకల్ సరుకు లోకల్ రేటుకి కొనడంలో తప్పు లేదు, కంపెనీ రేటుకి కొంటేనే మోసపోయినట్టు. ఖరీదైన కొత్త ఫోన్ మాత్రం బిల్లు, వారంటీ లేకుండా ఇక్కడే కాదు, ఎక్కడా కొనకండి.

బేరం

'చెప్పిన రేటులో సగం అడుగు' అని పెద్దవాళ్ళు నేర్పిన పాఠం అన్నిచోట్లా చెల్లదు. 'ఫిక్స్‌డ్ రేట్' బోర్డు ఉన్నచోట బేరం వద్దు. ఎంఆర్‌పీ ముద్రించిన వస్తువుకి అంతకు పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే పన్నులన్నీ అందులోనే ఉంటాయి. బేరం సాగేది చున్నీలు, రోల్డ్‌గోల్డ్ నగలు, హ్యాండ్‌బ్యాగులు, చెప్పుల లాంటి వాటిలో. రెండు మూడు చోట్ల రేటు కనుక్కుని, మీ మనసులో ఒక అంకె పెట్టుకుని అడగండి. పిలుపులో మర్యాద ఉంటే పని తేలిక: అన్నా, అక్కా, భయ్యా, పెద్దాయనైతే చాచా, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన సేఠ్. తెలుగు, హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడినా ఎవరూ నవ్వరు, ఈ బజారు భాషే అది.

బేరంలో రెండు నియమాలు. మీరు అడిగిన రేటుకి 'సరే తీసుకోండి' అన్నాక వెనక్కి తిరిగి వెళ్ళిపోకూడదు. కొనే ఉద్దేశం ఉంటేనే అంకె చెప్పాలి. రెండోది, చీరలన్నీ విప్పించి, ఫోటో తీసుకుని, బయటికొచ్చి అదే చీర ఆన్‌లైన్‌లో వెతకకూడదు. ఆ విప్పిన చీరలు మళ్ళీ మడతపెట్టే కుర్రాడి జీతం ఎవరిస్తున్నారు? నచ్చకపోతే ఇబ్బంది లేదు, 'ఈ రకం కాదన్నా, ఇంకోసారి వస్తా' అని చెప్పి లేవండి. మూడు చీరలకే మీకు తెలిసిపోతే ముప్పై దాకా విప్పనివ్వకండి.

తోపుడుబండి మీద కరివేపాకు, నిమ్మకాయలు, జడ క్లిప్పులు అమ్మేవాళ్ళ దగ్గర ఐదు రూపాయలకి బేరమాడటం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది, వాళ్ళు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీలు ఉండాలని అందులో ఉంది. అయినా వాళ్ళని జరగమనేవాళ్ళకి కొదవలేదు. మీరు నడకదారికి అడ్డంగా నిలబడి బేరం పెడితే ఆ కేకలు పడేది వాళ్ళకే. పక్కకి జరిగి, త్వరగా కొని, కదలండి.

డబ్బులివ్వడం

మామూలు కొనుగోళ్ళకి బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ చేస్తే ప్రస్తుతం దుకాణదారుకి చార్జీ పడదు. క్రెడిట్ కార్డు గీకితే వాళ్ళ లాభంలో కొంత బ్యాంకుకి పోతుంది. రెండు వందల బిల్లుకి కార్డు తీయకపోవడం మర్యాద. 2020లో మొదలైన పీఎం స్వనిధి కింద అప్పు తీసుకున్న వీధి వ్యాపారులకి డిజిటల్ చెల్లింపుల మీద కొంత క్యాష్‌బ్యాక్ వస్తుంది, కాబట్టి బండి మీద క్యూఆర్ కోడ్ కనిపిస్తే అదే వాడండి. జనం కిక్కిరిసిన చోట సిగ్నల్ దొరక్క డబ్బు కట్ అయి అవతల చేరకపోవడం కూడా మామూలే. స్పీకర్‌లో 'అందాయి' అని వినిపించేదాకా ఆగండి, లేదంటే నోటు ఇచ్చేయండి.

బిల్లు అడగండి. కొంచెం పెద్ద కొనుగోలైతే తప్పకుండా అడగండి. 'బిల్లయితే జీఎస్టీ అదనం' అనే మాట వింటారు. జీఎస్టీలో కాంపోజిషన్ పథకం (అమ్మకాల మొత్తం మీద తక్కువ శాతం పన్ను వ్యాపారే కట్టే పద్ధతి) కింద ఉన్న చిన్న వ్యాపారి మీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, పన్ను గీత లేని బిల్లు ఇస్తాడు. ఆ దుకాణంలో కాంపోజిషన్ అని బోర్డు ఉండాలి. చిన్న దుకాణం నిలబడాలని కోరుకోవడానికీ, లెక్కలు లేకుండా నడవాలని కోరుకోవడానికీ సంబంధం లేదు. వస్తువు పాడైతే మీ చేతిలో మిగిలేది ఆ కాగితమే.

మధ్యలో తిండి

అన్నం మానేసి తిరగకండి, ఆకలి మీద కొన్నది ఇంట్లో నచ్చదు. కోఠిలో గోకుల్ చాట్ ముందు ఎప్పుడూ గుంపే. 2007 ఆగస్టు 25న అక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలాయి, 42 మంది చనిపోయారు. తర్వాత దుకాణం మళ్ళీ తెరిచారు, జనం మళ్ళీ వచ్చి నిలబడ్డారు, ఇప్పటికీ నిలబడుతూనే ఉన్నారు. అబిడ్స్ వైపు ఇరానీ హోటళ్ళలో చాయ్, ఉస్మానియా బిస్కట్లు ఉంటాయి. రద్దీ వేళలో ఒక చాయ్ మీద గంటసేపు నలుగురి టేబుల్ ఆక్రమించకండి, మధ్యాహ్నం ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమనరు. ఇంటికొచ్చాక అదే హోటల్ నుంచి తినాలనిపిస్తే డెలివరీ యాప్ తెరిచేముందు ఆలోచించండి. ప్రతి ఆర్డరు మీదా యాప్ కమీషన్ తీసుకుంటుంది. దగ్గర్లో ఉండేవాళ్ళు ఫోన్ చేసి చెప్పి, వెళ్ళి తెచ్చుకుంటే మొత్తం హోటల్‌కే దక్కుతుంది.

తిరుగుడు ముగించడానికి మొజంజాహీ మార్కెట్ బాగుంటుంది. 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్‌కి ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. చాలాకాలం పాడుబడి, మరమ్మతులు చేశాక 2020లో మళ్ళీ తెరిచారు. గడియార స్తంభం కింద ఐస్‌క్రీమ్ దుకాణాలు ఉన్నాయి: వేసవిలో మామిడి, చలికాలం మొదట్లో సీతాఫలం. అప్పుడు ఏ పండు కాలమో అదే అడగండి. అత్తరు కొనాలనుకుంటే వరసగా ఆరు రకాలు వాసన చూడకండి, మూడోదానికే ముక్కుకి తేడా తెలియదు. ఒకటి మణికట్టుకి రాయించుకుని, ఐస్‌క్రీమ్ తినేసి వచ్చి, అప్పటికి నిలిచిన వాసన నచ్చితే అతి చిన్న సీసా తీసుకోండి. లేతరంగు బట్టల మీద మరక పడుతుంది, జాగ్రత్త. డ్రై ఫ్రూట్స్ దుకాణాల్లో అక్రోట్లు, జీడిపప్పు ఒకటి నోట్లో వేసుకుని చూసి కొనండి. ముక్కిన వాసన వస్తే వద్దని చెప్పడానికి సంకోచించకండి. ఇక్కడి నుంచి గాంధీభవన్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు.

ఇంటికొచ్చాక

నచ్చిన దుకాణం నంబరు ఫోన్‌లో పెట్టుకోండి: 'లేసులు, బడీ చౌడీ' అని, వస్తువు పేరుతో. చాలా చిన్న దుకాణాలు గూగుల్ మ్యాప్స్‌లో తప్పుడు వేళలతో, తప్పుడు గల్లీలో కనిపిస్తాయి, అసలు కనిపించనివీ ఉన్నాయి. వాళ్ళని అడిగి, సరైన వేళలు, బోర్డు ఫోటో చేర్చండి. రెండు వాక్యాలు తెలుగులోనే రాయండి, కానీ 'సూపర్' అని వదిలేయకండి. ఏం కొన్నారు, ఏం బాగా దొరుకుతుంది, మెట్రో నుంచి ఎలా రావాలి అన్నది రాస్తే వెతికేవాళ్ళకి పనికొస్తుంది. దుకాణం లోపల ఫోటో, రీల్ తీసేముందు అడగండి. డిజైన్లు కాపీ అవుతాయని కొందరు ఒప్పుకోరు.

వస్తువులో లోపం ఉంటే ఒక్క స్టార్ ఇచ్చేముందు బిల్లు పట్టుకుని మధ్యాహ్నం వేళ వెళ్ళి మాట్లాడండి. గిరాకీల మధ్య గొడవ పెట్టుకుంటే ఎవరైనా బింకంగానే మాట్లాడతారు, తీరిగ్గా ఉన్నప్పుడు చెబితే మార్చి ఇచ్చేవాళ్ళే ఎక్కువ. మార్చకపోతే, న్యాయం మీ వైపు ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

విడి కొనుగోళ్ళకన్నా పెద్ద ఆర్డర్లే దుకాణాన్ని నడిపిస్తాయి. ఇంట్లో పెళ్ళి, గృహప్రవేశం ఉంటే రిటర్న్ గిఫ్టులు, జాకెట్ గుడ్డలు, స్టీలు గిన్నెలు ఇక్కడి నుంచే తీసుకోండి. ఆఫీసులో దీపావళి కానుకలు మీ చేతుల మీదుగా జరిగితే ఒక చిన్న దుకాణాన్ని కూడా కొటేషన్ అడగండి. అడ్వాన్స్ ఇవ్వండి, సరుకు అందిన రోజే మిగతాది ఇచ్చేయండి. ఉద్దెర పెట్టి రెండు నెలలు తిప్పే పెద్ద గిరాకీ కన్నా చేతిలో డబ్బు పెట్టే చిన్న గిరాకీనే వాళ్ళు కోరుకుంటారు. అమెరికాలో, దుబాయ్‌లో ఉన్న చుట్టాలకి చీరలు, నగలు కావాలంటే వీడియో కాల్‌లో చూపించి కొరియర్ చేసే దుకాణాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మొదటిసారి మీరే వెళ్ళి పరిచయం చేయండి, బరువు లెక్కన కొరియర్ ఖర్చు ఎంతో ముందే రాయించుకోండి. డిసెంబర్‌లో వాళ్ళు దిగాక మూడు రోజుల్లో అన్నీ కావాలంటే జాకెట్లు కుట్టేవాళ్ళు దొరకరు. కొలతల జాకెట్ దసరా లోపే పంపమనండి.